మా హాల్లో పందొమ్మిదివందల యాభై ఐదు

మేకు కొట్టడం చేతకాని మగాడికి డ్రిల్లు కొనిచ్చినవాడిదే అసలు తప్పని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. కొన్నది నేనే కావడం వల్ల నా మాట ఎవరూ పట్టించుకోవడం లేదు.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇల్లు కొన్నాక ఆ డ్రిల్లుతో నేను ఇంటికి చేసిన సేవ మీకు కొంత చెప్పాలి. మొదట బాత్రూమ్ అద్దం. తర్వాత వంటింటి గోడ. ఆ తర్వాత గోడ లోపలున్న నీళ్ళ గొట్టం. గొట్టం పగిలిన రోజున మా ఆవిడ దెబోరా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడి తీర్పు చెప్పింది.

"ఇంకొక్క వస్తువు పాడైందా, ఆ డ్రిల్లు పక్కవీధి పవన్‌కి ఇచ్చేస్తాను."

దెబోరా మందుల కంపెనీలో క్వాలిటీ మేనేజరు. చెప్పిందంటే చేస్తుంది. నాకేమో ఆ డ్రిల్లంటే ప్రాణం. శనివారం పొద్దున్నే గరాజ్‌లో దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కసారి జుయ్‌మనిపిస్తే, వారమంతా ఆఫీసులో తిన్న చీవాట్లు మరిచిపోతాను.

ఇక అసలు సంగతికి వస్తాను. బాపట్ల నుంచి మా అత్తగారు సువార్తమ్మగారు వచ్చారు. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు. బుధవారం రాత్రి భోజనాల దగ్గర, "టీవీ కిందికి ఉంది కదా బాబూ, వంగి చూస్తుంటే మెడ పట్టేస్తోంది" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం అది పై నుంచి వచ్చిన పిలుపులా వినిపించింది.

గురువారం నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. దెబోరా ఆఫీస్‌కి, మా అమ్మాయి షాలోమ్ సమ్మర్ క్యాంప్‌కి వెళ్ళారు. అత్తయ్యగారు వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టుకుని నిద్రపోయారు. నేను డ్రిల్లు తీశాను.

ఇక్కడి గోడలు మన గోడలు కావు. పైన అట్ట, లోపల అక్కడక్కడ నిలువు చెక్కలు. స్క్రూ ఆ చెక్కలోనే దిగాలి. అది ఎక్కడుందో గోడని తట్టి తెలుసుకోవాలి. నేను తట్టాను. గోడ ఔనంది. డెబ్భై అయిదు అంగుళాల టీవీని చెమటలు కక్కుతూ ఎక్కించాను. అప్పుడు గోడ మాట మార్చింది.

టీవీ బోర్లా వచ్చి టీపాయ్ అంచు మీద పడింది. లేపి చూస్తే తెర నిండా పగుళ్ళు. అత్తయ్యగారు కదల్లేదు. ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని పని మొదలుపెట్టాను.

టీవీని మళ్ళీ స్టాండు మీద నిలబెట్టి దుప్పటి కప్పాను. గోడకి పడ్డ బొక్క మీద చర్చి క్యాలెండర్ తగిలించాను. అచ్చం అలాంటి టీవీయే ఫోన్‌లో ఆర్డర్ చేశాను. ఆదివారం మూడింటికి తెస్తారు, పాతది పట్టుకుపోతారు. ఆ టైముకి ఆడవాళ్ళు ముగ్గురూ మా చర్చి జెనిఫర్ ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడికలో ఉంటారు. నేను చేయాల్సిందల్లా ఆదివారం దాకా ఎవరూ టీవీ పెట్టకుండా చూడటం. ఆ ఒక్కటీ జరిగితే నా డ్రిల్లు నాకు దక్కుతుంది.

సాయంత్రం అందరూ హాల్లోకి చేరేసరికి గొంతు సవరించుకున్నాను.

"అత్తయ్యగారి గౌరవార్థం ఈ వీకెండ్ మన ఇంట్లో పందొమ్మిదివందల యాభై ఐదు. టీవీ లేదు, ఫోన్లు లేవు. ఆవిడ చిన్నప్పుడు ఎలా బతికారో అలా బతుకుదాం. పిల్లకి కూడా మన చరిత్ర తెలుస్తుంది."

"డాడీ, ఇది పనిష్‌మెంట్ లాగా ఉంది," అంది షాలోమ్. "నేను ఏమి చేసాను?"

దెబోరా దుప్పటిని చూసింది.

"దీనికి దుప్పటి ఎందుకు?"

"ఆ రోజుల్లో టీవీ లేదు కదా. కళ్ళెదురుగా ఉంటే మనసు లాగుతుంది."

"ఆ క్యాలెండర్ ఎప్పుడు పెట్టారు?"

"ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ క్యాలెండర్ ఉండేది."

"టీవీ వెనకాలా?"

"టీవీయే లేనప్పుడు వెనకాల ఎలా అవుతుంది?"

దెబోరా నన్ను ఓ క్షణం తేరిపార చూసి, "మంచి ఆలోచన," అంది. "కాకపోతే చేస్తే సరిగ్గా చేద్దాం. ఆఫీసు పని ఒక్కటి తప్ప అన్నీ యాభై ఐదులోనే."

పదిహేడేళ్ళ కాపురంలో నా ఆలోచన మంచిదని ఆవిడ అనడం అదే మొదలు. బుద్ధున్నవాడికైతే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది.

శుక్రవారం పొద్దున లేచేసరికి డిష్‌వాషర్‌కి టేపు వేసి ఉంది. వాషింగ్ మెషీన్‌కి, మైక్రోవేవ్‌కి, మిక్సీకి కూడా. జూలై నెలలో దెబోరా ఏసీ ఆపేసి, నా చేతికి ఒక అట్టముక్క ఇచ్చింది విసురుకోమని.

"గిన్నెలు ఎవరు తోముతారు?" అన్నాను.

"మీరే."

"ఆ రోజుల్లో మగాళ్ళు వంటింట్లోకి వచ్చేవాళ్ళు కాదు దెబోరా."

"ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆఫీస్‌కి వెళ్ళేవాళ్ళూ కాదు. మానేయమంటారా?"

ఇంటి మార్ట్‌గేజ్ వాయిదాలు గుర్తొచ్చి వెనక్కి తగ్గాను. అయినా ఆశ చావక అత్తయ్యగారిని సాక్ష్యానికి పిలిచాను. మీ నాన్నగారు ఎప్పుడైనా గిన్నె ముట్టుకున్నారా అని అడిగాను.

"మా నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు బాబూ," అన్నారావిడ మురిసిపోతూ. "బడికెళ్ళే ముందు బావిలో నీళ్ళు తోడి గాబు నింపేవారు. అమ్మతో పాటు పప్పు రుబ్బేవారు. ఆయన రుబ్బితే గారెలు దూదిలా వచ్చేవి."

ఆవిడ కిందటిసారి బాపట్ల నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన చిన్న రోలు ఒకటి మా ఇంట్లో ఉంది. ఇన్నాళ్ళూ అది అలంకారానికనుకున్నాను. శుక్రవారం సాయంత్రం దాని ముందు కూర్చుని మినప్పప్పు రుబ్బాను. సగంలో చేయి పడిపోయింది.

"పని చెప్పేటప్పుడు కనీసం ఆ రోజుల్లోలాగా 'ఏమండీ' అని మర్యాదగా పిలవచ్చు కదా," అన్నాను దెబోరాతో.

"ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుణ్ణి అసలు పిలిచేవాళ్ళే కాదు. పిలవకుండానే వచ్చి పని చేసేవారట. అమ్మనడగండి."

అత్తయ్యగారు తలూపారు. ఈ తల్లీకూతుళ్ళ మధ్య పందొమ్మిదివందల యాభై ఐదు నాకు అస్సలు కలిసిరాలేదు.

శనివారం కూరలకి వెళ్ళాలంటే కారు తాళం ఇవ్వలేదు. మా ఊళ్ళో కూరల కొట్టుకి నడిచి వెళ్ళిన మనిషిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. గుడ్డసంచి భుజాన వేసుకుని, ఫుట్‌పాత్ లేని చోట గడ్డిలోంచి, ఉన్న చోట ఎండలోంచి నడిచాను. ముగ్గురు అమెరికన్లు కారాపి పోలీసులకి ఫోన్ చేయమంటావా అని అడిగారు. నాలుగోవాడు మా పక్కవీధి పవన్. వరంగల్ కుర్రాడు. చెవిలో బ్లూటూత్ లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ బ్లూటూత్ పవన్ అంటారు.

"ఏమైందన్నా, కారు ఖరాబైందా? ఎక్కు, దింపుతా."

"లేదు పవన్. మా ఇంట్లో ఇప్పుడు నైన్టీన్ ఫిఫ్టీ ఫైవ్."

పవన్ నా వైపు అదోలా చూసి, చెవిలో ఉన్న మనిషితో "మళ్ళ చేస్తా" అని, "మంచిదే అన్నా, వాకింగ్ హెల్త్‌కి మంచిది," అని వెళ్ళిపోయాడు. ఏదో చెప్పబోయి మింగినట్టు అనిపించింది కానీ, ఆ ఎండలో నేను ఆలోచించే స్థితిలో లేను.

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగించుకుని ఇంటికి చేరాం. ఇంకో గంటలో వీళ్ళు జెనిఫర్ ఇంటికి బయల్దేరతారు, నా కష్టాలు తీరతాయి అనుకుంటుంటే దెబోరా బియ్యం సంచంత కాఫీపొడి డబ్బా బల్ల మీద పెట్టింది.

"కూడిక ఇవాళ మన ఇంట్లోనే," అంది.

"ఎవరు చెప్పారు?"

"నేనే. ఆ రోజుల్లో ఫోన్ చేసి పర్మిషన్ అడిగి వచ్చేవాళ్ళా? బుద్ధి పుడితే వచ్చేసేవాళ్ళు. ఇవాళ ఎవరైనా చెప్పకుండా మా ఇంటికి రావచ్చని జెనిఫర్‌తో చర్చిలో అనౌన్స్ చేయించాను. మీరు వెనకాల కునికిపాట్లు పడుతున్నారు."

అమెరికాలో మన ఇళ్ళకి వారం ముందు మెసేజ్ పెట్టి, ముందురోజు గుర్తుచేసి, గుమ్మంలో నిలబడి కూడా 'రావచ్చా' అని అడుగుతారు. అలాంటి జనానికి చెప్పకుండా రావచ్చని చెబితే ఏమవుతుంది? ఆనకట్ట తెగింది. స్త్రీల కూడికకి మగాళ్ళు కూడా వచ్చారు. పిల్లలొచ్చారు. చర్చితో సంబంధం లేని పవన్ కూడా వచ్చాడు. వీధి పొడుగునా కార్లు. నేను పొయ్యి దగ్గర కాఫీలు కాస్తూ, గ్లాసులు కడుగుతూ, మధ్యమధ్య కిటికీలోంచి ట్రక్కు కోసం చూస్తూ మూడింటినుంచి ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"సామ్యూల్ అన్నయ్యా, యాభై ఐదన్నారు, మరి రేడియో ఏదీ?" అంది జెనిఫర్.

"మా అమ్మే," అంది దెబోరా. తీసుకెళ్ళి ఆవిణ్ణి సరిగ్గా దుప్పటి ముందే కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

అత్తయ్యగారు మొదలుపెట్టారు. సినిమాకి నేల టికెట్టు నాలుగణాలు, రీలు తెగితే ఈలలు ఉచితం అన్నారు. అణాకి ఇడ్లీలు తింటే రాత్రి అన్నం అక్కర్లేదన్నారు. పేపరు మద్రాసు నుంచి రైల్లో వచ్చేదట. రైలు ఆలస్యమైతే ప్రపంచంలో ఆ పూటకి ఏమీ జరగనట్టే. జనం పగలబడి నవ్వుతున్నారు. షాలోమ్ నేలమీద బాసిపట్టు వేసుకుని, "అమ్మమ్మా, దెన్ ఏమి అయ్యింది?" అని అడుగుతోంది. ఆ పిల్ల ఫోన్ అడగకుండా అంతసేపు ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"మా వీధి మొత్తానికి మా ఇంట్లోనే రేడియో," అన్నారు అత్తయ్యగారు. "సాయంత్రం వార్తల టైముకి కిటికీ దగ్గర అందరూ చేరేవాళ్ళు. ఒకరోజు అది గరగరమంటోందని మా నాన్నగారు తనే బాగుచేస్తానని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నారు. లోపల వాల్వు ఢమాలంది."

నేను కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాను.

"అమ్మకి చెప్పడానికి భయం. రేడియో మీద ఒక తువ్వాలు కప్పేశారు. ఆ రోజుల్లో రేడియోకి లైసెన్సు ఉండేదిలెండి, పోస్టాఫీసులో కట్టాలి. గడువు అయిపోయింది, పెడితే పోలీసులొస్తారు అన్నారు. ఆ లైసెన్సు కట్టింది మా అమ్మే."

"మరి ఆవిడ ఏమన్నారు పిన్నీ?" అన్నారెవరో.

"ఏమీ అన్లేదు. వీధిలోవాళ్ళందరినీ పిలిచి, ఇవాళ్టినుంచి మాస్టారే వార్తలు చదువుతారు, రండి అని చెప్పింది. ఆయన రోజూ సాయంత్రం గొంతు పోయేలా పేపరు చదివేవారు. చదవడం అయ్యాక వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చేవారు. మొగాడు ఏదైనా కప్పిపెడితే అడగొద్దమ్మా, పని చెప్పు అనేది మా అమ్మ. నేనూ ఆవిడ చెప్పినట్టే నడిచాను. మా దెబోరాకీ అదే చెప్పాను."

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

ఇద్దరు దృఢకాయులు పెద్ద పెట్టెతో గుమ్మంలో నిలబడ్డారు. నేను తడిచేతులతో పరిగెత్తి, ఇది మాది కాదు, ఇల్లు తప్పారు అని ఇంగ్లిష్‌లో గుసగుసలాడాను. వాళ్ళు నన్ను పట్టించుకోకుండా గట్టిగా చదివారు. "డెలివరీ ఫర్ దెబోరా."

నేను టీవీ ఆర్డర్ చేసిన స్టోరు మెంబర్‌షిప్ కార్డు దెబోరా పేరు మీద ఉంది. మన ఇళ్ళలో అలాగే కదా, ఒక కార్డు, దాని మీద అందరూ బతుకుతారు. నేను ఆర్డర్ చేసిన మరుక్షణం ఆవిడకి ఈమెయిల్ వెళ్ళింది. నేను దుప్పటి సరిచేసుకుంటున్న సమయానికే ఆవిడ ఆఫీసులో కూర్చుని ఏం కొన్నానో, ఎప్పుడొస్తుందో చదువుకుంది.

"ఆ గోడ దగ్గరండి," అంది దెబోరా. కుర్చీలు అప్పటికే జరిపి ఉన్నాయి. వాళ్ళు దుప్పటి లాగారు. పగిలిన తెర చూసి హాలంతా ఇల్లు కూలిపోయేంత నవ్వు.

"నేను బిగిస్తాను," అన్నాను, పోతున్న పరువులో కొంతైనా మిగుల్చుకుందామని. "డ్రిల్లు తెస్తా."

గరాజ్‌లోకి పరిగెత్తాను. మేకుకి డ్రిల్లు లేదు. వెనకాలే వచ్చిన పవన్ నేల చూపులు చూశాడు.

"శుక్రవారమే వదిన ఇచ్చేసిందన్నా. నిన్న నువ్వు ఎండల పోతుంటే చెబ్దామనుకున్న. చెప్పొద్దని మాట తీస్కుంది."

అంటే మూడు రోజులు నేను గిన్నెలు తోమింది, పప్పు రుబ్బింది, ఎండలో నడిచింది అప్పటికే పోయిన వస్తువు కోసమన్నమాట.

హాల్లోకి తిరిగొచ్చేసరికి దెబోరా ముందే మాట్లాడి పెట్టిన మనిషి ఒకడు గోడకి టీవీ బిగిస్తున్నాడు. అత్తయ్యగారు నన్ను దగ్గరికి పిలిచి చేయి పట్టుకున్నారు.

"బాధపడకండి బాబూ. మా నాన్నగారు ఆరు వారాలు చదివారు. మీది మూడు రోజుల్లో తేలిపోయింది."

నిజం చెప్పొద్దూ, నాకు బాధ వేయలేదు. గురువారం నుంచి గుండెల మీద కూర్చున్న డెబ్భై అయిదు అంగుళాల బరువు దిగిపోయింది. పట్టుబడ్డాక ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే గురువారమే పట్టుబడేవాణ్ణి. ఏసీ వేశారు. చల్లటి గాలి మొహానికి తగిలేసరికి కళ్ళు మూసుకున్నాను. టీవీ గోడ మీద బ్రహ్మాండంగా ఉంది. ఎవరూ పెట్టమనలేదు. అత్తయ్యగారు తర్వాతి కథ అందుకున్నారు.

అందరూ వెళ్ళాక వంటింట్లో దెబోరా డిష్‌వాషర్ టేపు పీకింది. నేను గ్లాసులు అందిస్తూ అడిగాను.

"గురువారమే తెలిసినప్పుడు అప్పుడే అడిగితే సరిపోయేది కదా?"

"అడిగితే ఏమయ్యేది? ఒక పూట గొడవపడేవాళ్ళం. అడక్కపోతే మూడు రోజులు గిన్నెలు తోమారు," అంది దెబోరా, నవ్వు దాచుకోకుండా. "బానే తోముతారు కూడా. నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు."

నేను ఇంకో గ్లాసు అందించేలోగా ఆవిడ డిష్‌వాషర్ మీట నొక్కకుండానే టేపు మళ్ళీ అంటించేసింది.