ఒక్క వరుసకి గుండిగెడు జెల్

రాతమేస్త్రి ఆ రోజు చెయ్యదలచుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే ఒక కప్పు జెల్ వండాలి. అది చల్లారాక, సాయంత్రం నాలుగింటికి, కోడలు చేసిన కేకు మీద దాంతో ఒక్క వరుస రాయాలి. ఈ మాట ఆయన వారం రోజులుగా ఇంట్లో అందరికీ చెబుతున్నాడు. వినీ వినీ వాళ్ళకి ఆ వరుస కంఠతా వచ్చేసింది: "తొంభై ఏళ్ళ ఓనరుగారికి".

ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే బేకరీలో, వీధిలోకి కనబడే అద్దం వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, కేకుల మీద పేర్లు రాశాడు. బన్ను కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు బన్ను తినడం మరిచిపోయి ఆయన చెయ్యి తిరుగుతున్న తీరు చూస్తూ నిలబడేవారు. ఒకే అమ్మాయికి మొదటి పుట్టినరోజుకి రాశాడు, పదో పుట్టినరోజుకి రాశాడు, పెళ్ళికి రాశాడు, చివరికి ఆ అమ్మాయి కూతురి మొదటి పుట్టినరోజుకీ రాశాడు. ఆరేళ్ళ కిందట బేకరీ మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్లకి తొడుగులు అమ్ముతారు. ఆయన అటుగా వెళ్ళవలసి వస్తే అవతలి పేవ్‌మెంటు మీద నడుస్తాడు.

అన్నేళ్ళలో బేకరీ ఓనరు ఆయన రాతని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కేకు మీదికి వంగి, "సరే, పెట్టెలో పెట్టు" అనేవాడు. ఆ రోజుతో ఓనరుగారికి తొంభై ఏళ్ళు నిండుతున్నాయి. ఇంకో పుట్టినరోజు ఉంటుందో ఉండదో. ఈసారైనా ఆ నోటి నుంచి బాగుందన్న మాట వినాలని రాతమేస్త్రి ఆశ. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇంత చిన్నపిల్లాడి కోరిక ఏమిటని ఆయనే సిగ్గుపడి, భార్యకి కూడా చెప్పలేదు. భార్యకి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు.

కోడలు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. రంగు రంగుల జెల్ ట్యూబులు ఆమె సొరుగు నిండా ఉన్నాయి. "మావయ్యగారూ, ఇందులోది వాడుకోండి, శ్రమ ఎందుకు" అంది. ఆయన ఒక ట్యూబు తీసుకుని, పళ్ళు తోముకునే పేస్టుని చూసినట్టు చూసి తిరిగి ఇచ్చేశాడు. ఓనరుగారి కేకు మీద ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వండిన జెల్లా? ఆమె ట్యూబుని సొరుగులో పెట్టేసి, ఊరి చివర ఇవ్వవలసిన రెండు కేకులు పట్టుకుని బయల్దేరింది. మధ్యాహ్నానికి గానీ తిరిగి రాదు. అసలు కొంప అక్కడే మునిగింది.

వంటింట్లో నిలబడ్డాక రాతమేస్త్రికి ఒక సంగతి తెలిసొచ్చింది. జెల్ వండటం ఆయనకి వచ్చు. కప్పు జెల్ వండటం రాదు. బేకరీలో రోజుకి యాభై కేకులకి సరిపడా ఒకే గుండిగలో వండేవాడు. నీళ్ళు గుండిగ మెడ దాకా, పంచదార పెద్ద డబ్బాతో రెండు, కార్న్‌ఫ్లోర్ పద్నాలుగు దోసిళ్ళు, నిమ్మకాయలు పన్నెండు. అందులో యాభయ్యో వంతు ఎంత అని ఒక కాగితం మీద లెక్క వేశాడు. పిండి దగ్గరికి వచ్చేసరికి పావు దోసిలి తేలింది. పావు దోసిలి అంటే ఎన్ని వేళ్ళో అర్థం కాలేదు.

"కాస్త తక్కువ వేసి చూడకూడదూ" అంది భార్య.

"తక్కువైతే గరిటె బరువు తెలీదే. గరిటె లాగితే భుజం దాకా తెలియాలి. అప్పుడే దించాలి."

భుజానికి తెలిసేంత జెల్ వండాలంటే ఇంట్లో ఒక్కటే గిన్నె ఉంది, స్నానాలకి నీళ్ళు కాచే గుండిగ. దాన్ని చింతపండు పెట్టి తోమించాడు. కోడలు నెలకి సరిపడా తెచ్చి పెట్టుకున్న పంచదార మూట విప్పాడు. గంటన్నర సేపు కలిపాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తీసి పక్కన పెట్టాడు. ఆ తీపి వాసన, ఆ బుడగల చప్పుడు, భుజంలో ఆ పాత నొప్పి, అన్నీ ఒక్కసారిగా తిరిగి వచ్చేసరికి ఆయనకి ప్రాణం లేచివచ్చింది. తెల్లవారుజామున బేకరీ తలుపులు తీసే చప్పుడు కూడా వినబడినట్టే అనిపించింది.

దించి చూసుకుంటే గుండిగ నిండా తళతళలాడే జెల్. వెడల్పు గిన్నెల్లో పోస్తే గానీ త్వరగా చల్లారదు. భార్య ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తెచ్చింది. గిన్నెలయ్యాక డబ్బాలు, డబ్బాలయ్యాక సీసాలు. ఆఖరికి స్నానాల గదిలో ఖాళీగా పడి ఉన్న గాజు సీసా ఒకటి కడిగి, అందులోనూ నింపి, ఎక్కడిది అక్కడే ఉండాలన్న నియమం కొద్దీ మళ్ళీ స్నానాల గదిలోనే పెట్టింది. అది కొడుకు తలకి రాసుకునే జెల్ సీసా.

కొడుకు ఆ రోజు ఆఫీసులో గుర్తింపు కార్డుకి ఫొటో దిగాలి. నిన్న ఖాళీ అయిన సీసా ఇవాళ నిండి ఉండేసరికి పెళ్ళాం ఎంత ముందుచూపు గలదో అని మురిసిపోయాడు. రెండు వేళ్ళతో తీసి బాగా పట్టించి, నున్నగా దువ్వుకుని వెళ్ళిపోయాడు.

ఇంకా అరగుండిగ మిగిలింది. పారబొయ్యడానికి భార్యకి మనసొప్పలేదు. చల్లారుతున్నకొద్దీ అది తెల్లబారి, అచ్చం గంజిలా కనబడింది. పంచదార వేసిన గంజి అయినా గంజి గంజే కదా అనుకుంది ఆ ఇల్లాలు. సాయంత్రం భర్త తొడుక్కోవలసిన తెల్ల చొక్కా తీసి అందులో ముంచింది. చొక్కా ఒక్కటే ఎందుకని నాలుగు దుప్పట్లు కూడా ముంచి ఆరేసింది. అంతలో మేడ మీద వాటాలో ఉండే టీచరమ్మ కిందికి దిగి, బళ్ళో తనిఖీ ఉందనీ, గోడకి పటాలు అంటించాలనీ, జిగురు అయిపోయిందనీ చెప్పింది. ఈవిడ సంబరంగా ఒక తపేలా నింపి ఇచ్చింది. పగలు పన్నెండయ్యేసరికి గుండిగ ఖాళీ అయింది. ఒక్క చుక్క వృథా కాలేదని ఆవిడ తృప్తిగా దాన్ని బోర్లించింది.

మధ్యాహ్నం కోడలు వచ్చేసరికి పెరట్లో దుప్పట్లు అట్టముక్కల్లా నిలబడి ఉన్నాయి. వాటి మీదికి గోడ పొడవునా చీమల బారు సాగుతోంది. ఆమె పంచదార మూట వంక చూసింది, అత్తగారి వంక చూసింది, వెళ్ళి మంచినీళ్ళు తాగింది. వెనకాలే, ఓనరుగారింటికి వెళ్ళాలని సగంపూట సెలవు పెట్టి కొడుకు వచ్చాడు. తల మీద జుట్టు చిప్పలా గట్టిపడిపోయింది. ఫొటో దిగేటప్పుడు నుదుటి మీద ఏదో పాకినట్టు అనిపించిందట, కదలొద్దన్నారని కదలలేదట. జేబులోంచి తీసి చూపించిన కార్డులో మూడు చీమలు స్పష్టంగా ఉన్నాయి. ఆ కార్డు అయిదేళ్ళు చెల్లుతుంది. ఆ వెంటనే టీచరమ్మ దిగింది. ప్రపంచ పటం మీద చీమలు సముద్రాలు దాటుతుంటే, తనిఖీకి వచ్చినాయన అది పిల్లలకి ప్రకృతి పాఠమనుకుని మెచ్చుకుని రాసి వెళ్ళాడట. ఇంకో తపేలా ఉందా అని అడగడానికి వచ్చింది.

ఈ గొడవంతా జరుగుతున్నా రాతమేస్త్రి పట్టించుకోలేదు. బటర్ పేపరు చుట్టి కోన్ చేసుకుని, జెల్ నింపి, కొస కత్తిరించి, కేకు ముందు కూర్చున్నాడు. ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆయన ఊపిరి బిగబట్టి మొదటి అక్షరం మొదలుపెట్టాడు.

జెల్ సాగలేదు. ముక్కలు ముక్కలుగా పడింది. అక్షరం చుట్టు తిరిగే చోట తెగిపోయింది. చాకుతో తీసేసి మళ్ళీ రాశాడు, మళ్ళీ తెగింది. ఇంకో గిన్నెలోది నింపాడు. అదీ అంతే. నాలుగోసారీ తెగింది. ఆయన కోన్ బల్ల మీద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వే రాసెయ్యమ్మా ట్యూబుతో. నా చెయ్యి పోయింది" అన్నాడు కోడలితో.

"నేను రాయను మావయ్యగారూ" అందామె. కేకు మీద గాట్లు సర్ది, నున్నగా చేసి, అలాగే పెట్టెలో పెట్టింది. జెల్ గిన్నె ఒకటి, కాగితం కోన్లు రెండు ఎందుకైనా మంచిదని సంచిలో వేసుకుంది. భార్య చొక్కా తెచ్చి ఇచ్చింది. అది తొడుక్కుంటే గొంతు దగ్గర కటకటలాడింది. అందరూ కారెక్కారు. దారి పొడవునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కాలరు మీద చీమలని భార్య చప్పుడు చెయ్యకుండా ఏరుతూ వచ్చింది.

ఓనరుగారు వాలుకుర్చీలో ఉన్నారు. మనిషి సగమైపోయాడు గానీ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసే అలవాటు పోలేదు. పెట్టె తెరిపించి, ఖాళీగా ఉన్న కేకుని చాలాసేపు చూశారు.

"ఏమోయ్ రాతమేస్త్రీ, పేరేదీ?"

 చెయ్యి పోయిందండీ అన్నాడు రాతమేస్త్రి. జెల్ పొద్దున తనే వండానని, ఎప్పటిలాగే వండానని, కానీ అక్షరం నిలవలేదని చెప్పాడు. ఆ చెయ్యి ఇలా ఇమ్మని ఓనరుగారు లాక్కున్నారు. మణికట్టు దగ్గర చొక్కా అంచు గరుకుగా తగిలింది. దాన్ని వేళ్ళతో నలిపారు. వేలు నాలిక మీద పెట్టుకున్నారు. భార్య తల దించుకుంది.

"చెయ్యి కాదు పోయింది, గ్లూకోజ్ లేదు ఇందులో" అన్నారు ఓనరుగారు.

"అందులో గ్లూకోజ్ ఎప్పుడుందండీ?"

 ఓనరుగారు మెల్లగా చెప్పారు. రోజూ జెల్ దించగానే రాతమేస్త్రిని టీకి పంపేవారు. ఆయన వెళ్ళి వచ్చేలోపు తలుపేసుకుని, అందులో గ్లూకోజ్ పాకం కలిపేవారు. అది లేకపోతే జెల్ సాగదు, తెగిపోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక్క రోజు తప్పకుండా కలిపారు.

"ఎందుకండీ అంత రహస్యం?" అన్నాడు రాతమేస్త్రి.

"నీకు పూర్తిగా వచ్చేస్తే ఎదురు బేకరీవాడు నిన్ను ఎగరేసుకుపోతాడని భయం. జెల్‌దేముంది, ఎవడైనా వండుతాడు. ఆ అక్షరం ఎవడు రాస్తాడోయ్?"

"నేనెక్కడికి పోతానండీ? అడిగితే చెప్పేవాణ్ణి కదా, పోనని."

"అడగడానికి మొహమాటం. ఓనర్ని కదా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రోజూ ఆ వేళప్పుడు తాగిన టీలన్నీ రాతమేస్త్రికి గుర్తొచ్చాయి. ఓనరుగారిది ఎంత మంచి మనసో అని అప్పట్లో ఇంటికొచ్చి చెప్పేవాడు కూడా. కోపం రావాలి గానీ రాలేదు. అన్నేళ్ళు తనని పోగొట్టుకోకూడదని ఒక మనిషి రోజూ తలుపేసుకున్నాడన్న మాటే ఆయనలో తిరుగుతోంది.

ఓనరుగారు అలమర తాళం తీయించారు. అడుగున పాత డబ్బాలో గ్లూకోజ్ పాకం గట్టిగా, తేనె రంగులో ఉంది. కోడలు సంచిలోంచి జెల్ గిన్నె తీసింది. దాన్ని వెచ్చబెట్టి రెండు చెంచాల పాకం కలిపేసరికి జెల్ గాజులా మెరిసి, చెంచా నుంచి తీగలా సాగింది. రాతమేస్త్రి కోన్ నింపాడు. ఈసారి ఊపిరి కూడా బిగబట్టలేదు. "తొంభై ఏళ్ళ ఓనరుగారికి" అన్న వరుస ఎక్కడా తెగకుండా, ఒకే ధారగా కేకు మీద పడింది. కొడుకు తల గోక్కోవడం ఆపి చూశాడు.

ఓనరుగారు కళ్ళజోడు పైకి తోసి వంగి చూశారు. రాతమేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సరే, కొయ్యండి. ఆ రాత ఉన్నంత మేరా మాత్రం కత్తి తగలకూడదు" అన్నారు ఓనరుగారు.

చుట్టూ అంచులు కోసి అందరికీ పంచారు. మధ్యలో ఆ వరుస అలాగే మిగిలింది. దాన్ని పళ్ళెంలో పెట్టి అలమరలో దాచమన్నారు. అలమరకి తాళం తనే వేసుకున్నారు. ఇంటికి వచ్చే దారంతా రాతమేస్త్రి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ రహస్యం లోకంలో తనకీ ఓనరుగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదనీ, ఇంట్లోవాళ్ళు ఎక్కడా నోరు జారవద్దనీ మూడుసార్లు చెప్పాడు.

మర్నాడు కోడలు కొట్లో కొన్న గ్లూకోజ్ డబ్బా మీద జెల్ వండే పద్ధతంతా, కప్పు కొలతలతో సహా, అచ్చువేసి ఉంది. ఆమె డబ్బా మీది ఆ కాగితాన్ని దారిలోనే చింపి పారేసింది.