హమాలీకి యజమాని దొరికాడు

ఇకమీదట రాష్ట్రంలో ఏ హమాలీ వీపు మీదా యాభై కిలోలకు మించి బరువుండదని కార్మిక మంత్రి ప్రకాశం గారు బేగంబజార్ నడిబొడ్డున ప్రకటించారు. చప్పట్లు కొట్టడానికి హమాలీలు బస్తాలు దించారు. కొట్టాక మళ్లీ ఎత్తుకున్నారు.

చట్టం రాసే భాగ్యం ప్రభుత్వ న్యాయవాది ఫణికుమార్‌కు దక్కింది. కామా పెట్టాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషి. పాతికేళ్లలో ఆయన రాసిన ఫైలు ఒక్కటీ వెనక్కి రాలేదు. అంతటివాడు కార్మికుల అభిప్రాయం కోసం స్వయంగా బజారుకు వెళ్లాడు.

నడుముకు తువ్వాలు బిగించుకున్న రాజన్న అనే హమాలీ అడిగాడు. "సార్, ఇంక బరువు మోస్తే నడుము పోతదన్నడు డాక్టరు. గీ చట్టం నాకు పనికొస్తదా?"

"నీ కోసమేనయ్యా. నీ యజమాని ఎవరు?"

"పొద్దుగాల కిరాణా సేఠు, పగటీలి గిన్నెల సేఠు. తర్వాత ఎవరు పిలిస్తే వాళ్లు."

పక్కనే ఉన్న కిరాణా సేఠు కల్పించుకున్నాడు. "వకీల్ సాబ్, బస్తా గిరాకీది, వీపు ఆయనది. బీచ్‌మే ఇద్దరి నడుమ నేనెవరు?"

ఈ వాదనలోని లోతుకు ఫణికుమార్ ముచ్చటపడ్డాడు.

సాయంత్రం మంత్రిగారు ఫోన్ చేశారు. "సేఠులు లొల్లి చేస్తున్నరు ఫణీ. హమాలీలు గూడ మనోళ్లే. ఎవ్వరూ నారాజ్ కావద్దు."

"ఎవరూ కారు సార్."

మర్నాటికి నిర్వచనం సిద్ధమైంది: 'ఒకే యజమాని లేని కార్మికుడు తనకు తానే యజమాని.' మంత్రిగారు మురిసిపోయారు. "అంటే హమాలీని సేఠును చేసినమన్నట్టు." బిల్లు చర్చ లేకుండా పాసైంది.

చట్టం అమల్లోకొచ్చిన వారానికే తొంభై కిలోల చక్కెర బస్తాతో రాజన్న మెట్ల మీద కూలబడ్డాడు. పరిహారం కోసం అర్జీ పెట్టాడు. అదే తొలి కేసు. ప్రభుత్వం తరఫున ఫణికుమారే హాజరయ్యాడు.

"యజమాని రాజన్న?" విచారణాధికారి మనస్విని పిలిచింది.

రాజన్న గోడ పట్టుకుని లేచాడు. "ఉన్న మేడం."

"అంత బరువు ఎందుకు మోయించారు?"

"ఇంట్ల పొయ్యి అంటుకోవాలె గద మేడం."

"నేరం ఒప్పుకున్నాడు, నోట్ చేసుకోండి," అన్నాడు ఫణికుమార్.

"కార్మికుడు రాజన్న?"

రాజన్న గదంతా ఒకసారి చూశాడు. ఎవరూ లేవలేదు.

"ఆయనకు నడుము పోయింది మేడం. రాలేడు," అన్నాడు రాజన్నే.

యజమానికి జరిమానా పడింది. కార్మికుడు గైర్హాజరైనందున పరిహారం అర్జీ కొట్టేశారు. రెండు కాగితాల మీదా రాజన్న వేలిముద్ర వేశాడు.