అరవై దాటినవారికి పప్పు నిలుపుదల

మా వీధి ముసలమ్మ సన్యాసమ్మ బుర్రలో ప్రోటీన్లు ముద్దకట్టేశాయట. ఈ సంగతి పక్కింటి నరసమ్మ కొళాయి దగ్గర చెప్పిందని మా ఆవిడ చెప్పింది. నరసమ్మకు ఆమె మరిది చెప్పాడట. ఆ మరిది సన్మానసభలో చివరి వరసలో కూర్చుని స్వయంగా విన్నాడు గనుక ఇందులో అబద్ధానికి తావు లేదు.

సభ ఎందుకంటే, తొంభై ఏడులో మా చోడవరం బిడ్డ సంతోష్‌కుమార్‌కు ప్రోటీన్ల మీద డాక్టరేటు వచ్చింది. పట్టణ అభ్యుదయ సంఘాధ్యక్షులు, రైసుమిల్లు పెదబాబుగారు ముప్పావుగంట మాట్లాడి, సన్మానితుడికి పది నిమిషాలు దయచేశారు. ఆ కాస్తలోనే అతను చక్కగా చెప్పాడు. ఒంట్లో ప్రోటీను దారప్పోగులా పుడుతుంది. సరిగ్గా మడతపడితేనే పనికొస్తుంది. తొలిసారి చీర కట్టే పిల్లకు మేనత్త కుచ్చిళ్లు పట్టినట్టు, పక్కనుండి మడత చెడకుండా చూసే తోడు ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వయసు మీదపడ్డాక ఆ తోడు చాలదు. మడత తప్పిన పోగులు చిక్కులు పడి మెదడులో ముద్దకడతాయి. మనిషి ముందు చెంబు పెట్టిన చోటూ, తర్వాత కొడుకు పేరూ మరిచిపోతాడు. మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

చోడవరం అక్కడికక్కడే కనిపెట్టింది.

ప్రోటీనంటే పప్పూ, గుడ్డూ, చేపా అని బళ్లో పిల్లలకు కూడా తెలుసు. తినబట్టే కదా ముద్దకట్టడం! పెదబాబుగారు మైకు లాక్కుని తీర్మానం చదివారు: "వృద్ధుల జ్ఞాపకశక్తిని పరిరక్షించు నిమిత్తము, అరువది సంవత్సరములు నిండినవారికి పప్పు, గుడ్డు, చేప, పాలు తక్షణమే నిలుపుదల చేయడమైనది." అధ్యక్షులవారికి అరవై నాలుగు. అయితే ప్రజాసేవలో నిరంతరం కదిలే మెదడు ముద్దకట్టదని సభ్యులు ఏకగ్రీవంగా మినహాయించారు.

డాక్టరుగారు ఆ సమయంలో శాలువా కప్పించుకుంటున్నాడు. కడుపులో పడ్డ గుడ్డు అరిగిపోతుందనీ, గుడ్డుగానే తలకెక్కదనీ అతనికి తెలుసు. ఇంటికెళ్లి భార్య రూపాదేవితో ఆ ముక్క అన్నాడు కూడా. సభలో అంటే కప్పినవాళ్లు నొచ్చుకుంటారని మర్యాదస్తుడు గనుక ఊరుకున్నాడు. విశాఖలో అతని తల్లికి రోజూ గుడ్డు ఉడుకుతూనే ఉంది.

మా వైపు సైన్సు ఇంత వేగంగా పాకడం నేనెన్నడూ ఎరగను. మరుగుదొడ్డి కట్టుకోమంటే పదేళ్లుగా ఆలోచిస్తున్న ఇళ్లు, ముసలివాళ్ల కంచంలో పప్పు ఆ పూటే తీసేశాయి. రోలుగుంట నుంచీ, కె.కోటపాడు నుంచీ మనుషులొచ్చి తీర్మానం నకళ్లు పట్టుకెళ్లారు.

సన్యాసమ్మ కొడుకు బంగార్రాజు సంఘానికి కార్యదర్శి. కనుక అమలు అతని ఇంటి నుంచే మొదలైంది. ఉదయం గంజి, సాయంత్రం గంజి.

"ఓ గరిటెడు పప్పు ఏసేత్తానండీ, పాపం, సూపులతోనే అడుగుతంది," అంది అతని భార్య రాజ్యం.

"సైన్సుకి అడ్డొత్తావేటే?" అని గద్దించాడు.

రెండు నెలలకి ముసలమ్మ జాకెట్టు చేతులు వేలాడాయి. ఒకప్పుడు చెరుకు మోపు తలకెత్తుకుని నడిచిన మనిషి, గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయింది. "ఒరే బాబూ, ఎవులింటోడివిరా? మీ ఇంట్లో పప్పొండరేటి?" అని కొడుకునే అడిగేది. కొడుకుని మరిచినా పప్పు మరవలేదంటే రోగం ఇంకా ఉందన్నమాటేనని, గంజి మరికాస్త పలచన చేయించాడు.

ఈలోగా సంఘం ఊరుకోలేదు. తోడు ప్రోటీన్ల స్ఫూర్తితో, మతి తప్పిన వృద్ధులను కనిపెట్టుకుని ఉండేందుకు పదకొండు మందితో తోడు కమిటీ వేసింది. అందరికీ బ్యాడ్జీలు. బ్యానరు నీలమా పసుపా అని కమిటీ బస్సుల కాంప్లెక్సు ఎదుట కూర్చుని తర్కించుకుంటుండగా, సన్యాసమ్మ వాళ్లను దాటుకుంటూ వచ్చి, "నాయినా, మాడుగుల బస్సేదిరా? మాయమ్మ నా కోసం సూత్తంది," అంది. ఇద్దరు సభ్యులు లేచి, చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా బస్సెక్కించారు. తోడు కమిటీ చేసిన సేవల్లో ఇంతవరకు నమోదైనది ఇదొక్కటే.

మాడుగులలో తల్లీ లేదు, ఆ ఇల్లూ లేదు. బస్టాండు పక్కన గొడుగులు బాగుచేసే బడేసాహెబ్, మధ్యాహ్నం దాకా తన దుకాణం మెట్టు మీద ఒరిగి ఉన్న ముసలమ్మను చూశాడు. ఇల్లాలు అన్వరీ బేగం కట్టిచ్చిన క్యారేజీ విప్పి, అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు ముందుంచాడు. ఒక్క మెతుకు మిగల్లేదు. కండక్టరును వాకబు చేసి, దుకాణం కట్టేసి, సాయంత్రం బస్సులో తానే తీసుకొచ్చి అప్పగించాడు.

సంఘం అతణ్ణి తీర్మానోల్లంఘన కింద కూర్చోబెట్టి విచారించింది. సెలవుకి వచ్చిన డాక్టరుగారిని నిపుణుడిగా పిలిచారు. "ఒకే ఒక్క గుడ్డు ప్రభావంపై తగినంత సమాచారం లేదు," అని ఆయన నిష్పాక్షికంగా సెలవిచ్చాడు.

"అరవై దాటేయో లేదో కనుక్కోకుండా ఎలా పెట్టేవయ్యా?" అన్నారు పెదబాబుగారు.

"ఆకలేసిన మడిసి కాయితం సూపించాలేటి బాబూ?"

బంగార్రాజు కుర్చీలోంచి లేచాడు. "కన్నకొడుకుని, నేనే పెట్టనేదు. నువ్వు మాయమ్మకి ఏటవుతావని పెట్టేవు?"

బడేసాహెబ్ సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏటీ అవను బాబూ. అందుకే పెట్టగలిగేను."