తేనెటీగల సంరక్షణోత్సవం

తేనెటీగలను కాపాడాలని ప్రభుత్వం తీర్మానించింది. సంగతి ముందుగా తెలియకపోవడం వల్ల అవి తప్పించుకోలేకపోయాయి.

ఉత్సవానికి మెక్సికోలోని యుకటాన్‌లో కసిమిరా పెచ్ ఉండే ఊరిని ఎంచుకున్నారు. ఆమె పెరట్లో ఆకుల పందిరి కింద, బోలు దుంగల్లో కాపురముంటున్నవి కుట్టని తేనెటీగలు. కాపాడబోతే ఎదురుతిరిగే ప్రమాదం లేదు. తల్లి చేతి నుంచి వచ్చిన ఆ దుంగలే ఒంటరి మనిషి కసిమిరాకు ఉన్న బలగం. ఆ పందిరి దగ్గర గొంతు పెంచకూడదు. కీచులాట వింటే ఈగలు అలిగి వెళ్లిపోతాయి. చచ్చిన ఈగను ఆకులో చుట్టి పాతిపెట్టాలి. అక్కడి పద్ధతి అది.

వేదిక కోసం ఊరి చివర పచ్చగా విరగబూసిన పొదలన్నీ చదును చేశారు. పూలు లేకపోతే బాగుండదని ప్లాస్టిక్ పూలు తెప్పించి, వాటికి నీళ్లు పొయ్యడానికి ఒక మనిషిని నియమించారు. ప్రభుత్వం ఏ పనీ సగంలో వదలదు.

మంత్రిగారిని దోమ కుడితే ఇంకేమైనా ఉందా! ముందురోజు ఊరంతా మందు పొగ పట్టించారు. కసిమిరా పందిరికి అడ్డంగా నిలబడింది.

"అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా, ఇటు కొట్టకండి. నా ఈగలు చచ్చిపోతాయి" అంది, అప్పుడు కూడా గొంతు తగ్గించే.

"ఇది దోమల మందమ్మా. ఈగలకేం సంబంధం?" అన్నాడు సంరక్షణాధికారి లిసాంద్రో. బాగా చదువుకున్నవాడు.

పొరుగింటి నికనోర్, ఉత్సవం కోసం ఊరందరికీ పంచిన ఈగ బొమ్మ ఉన్న కొత్త టోపీ సర్దుకున్నాడు. అతని గుమ్మడి పాదులకు కాయలు పట్టించేది ఆ ఈగలే. "ఊరుకో అక్కా! ఊళ్లోకి మంత్రి వస్తుంటే నీ ఈగల గోలేంటి?" అన్నాడు.

తెల్లారేసరికి దుంగల్లో చప్పుడు లేదు.

"తేనెటీగ మన తల్లి! తల్లికి హాని చేసే చేతిని ఈ ప్రభుత్వం క్షమించదు!" అని మంత్రిగారు ఒక్క దోమకాటు కూడా లేకుండా ప్రసంగించారు. తర్వాత కెమెరాలతో, జనంతో కసిమిరా పెరట్లోకి దయచేశారు. ఆమె గొయ్యి తవ్వి ఆకు పొట్లాలు పాతుతోంది.

"ఆహా, ఎంత గొప్ప సంప్రదాయం! కెమెరాలో సరిగ్గా పడలేదట. ఇంకోసారి చెయ్యమ్మా!" అన్నారు మంత్రిగారు.

"ఇంకోసారి చెయ్యాలంటే అవి ఇంకోసారి చావాలయ్యా! ఒక్కటీ మిగల్లేదు!" అని అరిచింది కసిమిరా. ఆ పందిరి కింద ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. అలిగి వెళ్లడానికి అక్కడ ఎవరూ లేరు.

"దానిదేముంది సార్, పక్క ఊళ్లో ఏర్పాటు చేస్తాం" అన్నాడు లిసాంద్రో.

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నికనోరే.

ఆ ఏడు అతని గుమ్మడి పాదులు విరగబూశాయి గానీ ఒక్క కాయా పట్టలేదు. అతనొక్కడికే కాదు, ఊళ్లో ఎవరికీ పట్టలేదు. అందరూ ఆ టోపీలే పెట్టుకుని రాజధానికి వెళ్లారు. తమ గుమ్మడికాయలను కూడా ప్రభుత్వమే కాపాడాలని మంత్రిగారిని చేతులెత్తి వేడుకున్నారు.