గొంతు రాసిచ్చిన సువర్చల

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన గుమ్మళ్ళ సువర్చల తన గొంతును ఒక ధర్మసంస్థకు వీలునామా రాయడానికి వెళ్ళినప్పుడు, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఎవరూ తలెత్తి చూడలేదు. ఆమెకంటే ముందు వచ్చినాయన తన మధ్యాహ్నపు నిద్రను అనాథ శరణాలయానికి రాసి వెళ్ళాడు.

గుమాస్తా దరఖాస్తు చూసి ఒక్కటే అడిగాడు.

“స్థిరాస్తా, చరాస్తా అండీ?”

“ఇంట్లోనే పడుంటుంది బాబూ. ఎక్కడికీ వెళ్ళదు.”

“అయితే స్థిరాస్తే,” అని రాసుకున్నాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయి తొమ్మిదేళ్ళయింది. రోజు మొత్తం మీద ఆ గొంతుకు పడే పని పాలవాడితో రెండు మాటలు, కూరలబండి దగ్గర నాలుగు. ఒకప్పుడు ఆ ఊరి పెళ్ళి కబుర్లూ చావు కబుర్లూ అన్నీ ఆ గొంతు దాటే వెళ్ళేవి. మూలపడి పాడైపోవడం కంటే నలుగురికీ పనికొస్తే మేలనుకుంది.

సాక్షులు ఇద్దరు కావాలన్నారు. ఆమె గొంతు ఎరిగినవాళ్ళై ఉండాలట. అలాంటివాళ్ళెవరో ఆమెకు తట్టలేదు. చివరికి ఇంటిస్థలం పని మీద వచ్చి కూర్చున్న అన్నదమ్ములిద్దరిని గుమాస్తా పిలిచాడు. ఆమె వాళ్ళ ఎదుట నిలబడి, “నా పేరు సువర్చలండి” అంది. విన్నామని వాళ్ళు సంతకాలు పెట్టారు.

“ఇంకో మాటండి,” అన్నాడు గుమాస్తా. “ప్రాణం పోయాక గొంతు చెల్లదు. ముందే అప్పగించాలి.”

మర్నాడు ఆ ధర్మసంస్థ, అంటే మలిసంధ్య సేవాసమితి తరఫున పరంజ్యోతి అనే ఆయన స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చాడు. ఆఖరుగా ఎవరితోనైనా ఏమైనా చెప్పుకోవాలంటే చెప్పుకోండమ్మా అన్నాడు. ఎవరితో చెప్పాలో ఆమెకు తోచలేదు. “కాఫీ తాగుతారా?” అని అతణ్ణే అడిగింది. అతను తాగి, గొంతు పడ్డ క్యారేజీకి మూత బిగించి, రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజులు ఎవరూ గమనించలేదు. పదమూడో రోజున కూరలబండి అప్పలకొండ, “ఈమధ్య బేరమాడ్డం మానేశారు, చల్లగా ఉండండమ్మా” అన్నాడు.

ఆ నెలాఖరున సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. ఎత్తితే తన గొంతే.

“అమ్మా, మలిసంధ్య నుంచండి. భోంచేశారా? మందులేసుకున్నారా?”

ఒంటరిగా ఉండే, ఎవరితోనూ మాట్లాడని పెద్దవాళ్ళ జాబితాలో ఆమె పేరు చేరిందన్నమాట. గొంతు నిబంధన ప్రకారం జవాబు కోసం ఒక నిమిషం ఆగింది. “సంతోషమండి. రేపు మళ్ళీ చేస్తాను” అని పెట్టేసింది. తన గొంతులో అంత ఆప్యాయత ఉందని సువర్చలకు అంతవరకూ తెలీదు. చాలాసేపు ఫోను కింద పెట్టలేకపోయింది.

వాకబుకు వచ్చిన పరంజ్యోతికి కాగితం మీద రాసి చూపింది: “అమ్మాయి బాగా మాట్లాడుతోంది. ఇంకాసేపు ఉండమనండి.”

“కుదరదమ్మా. ఈ ఒక్క పేటలోనే డెబ్భై మంది ఉన్నారు. అందరికీ ఒకేసారి చెయ్యాలి కదా.”

మర్నాడు నాలుగింటికి ఆమె ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఎదురు మేడ మీద లెక్కల మాస్టారు, పక్క వాటాలో కుట్టుమిషను ఆవిడ, మలుపులో పేరు తెలియని ఒకాయన, అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి పెదవులూ కదలడం లేదు. ఒకరికొకరు స్పష్టంగా కనబడుతూనే ఉన్నారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. లైన్లో మనిషి ఉండగా అలా చెయ్యడం మర్యాద కాదు.