కుందేలు గుద్దిన దుప్పి

ఒక పెద్ద అడవిలో రోడ్డు లేనంత కాలం ఎవరి కాళ్లూ విరగలేదు. ఒక ఏడాది ఏనుగుల మంద వెదురు తుప్పలన్నీ తొక్కుకుంటూ పోయి, కొండ దగ్గర నుంచి వాగు దాకా చదునైన బాట వేసిపెట్టింది. ఆ మర్నాటి నుంచి అడవిలో ప్రతివాళ్లకీ ఎక్కడికో తొందర పుట్టుకొచ్చింది.

తొందర ఉన్నచోట చట్టం ఉండాలి కదా. అడవి సభ కూర్చుని చట్టం చేసింది. అందరూ ఎడమ పక్కనే పోవాలి. వాగు మలుపులో నెమ్మదించాలి. పరుగెత్తేవాళ్లు లైసెన్సు తీసుకోవాలి.

లైసెన్సులిచ్చే అధికారిగా తాబేలును వేశారు. పరుగు మీద దానికి ఏ పక్షపాతమూ లేదని. లైసెన్సుకు అర్జీ పెట్టుకున్న లేడిపిల్లలు, అది చేతికొచ్చేసరికి మనవలనెత్తేవి.

లైసెన్సు ఉన్నవాళ్లు ఏటా బీమా గాదెలో ఇంత మేత వెయ్యాలి. వాళ్లు ఎవరినైనా గుద్దితే, దెబ్బ తిన్నవాళ్లకు ఆ గాదెలోంచి పరిహారం ఇస్తారు. గాదెకు కాపలా ఒక పందికొక్కు.

మచ్చయ్య అనే దుప్పికి ఈ చట్టమంటే వల్లమాలిన గౌరవం. బాట మీద పురుగు లేకపోయినా ఎడమ అంచునే నడిచేవాడు. "ఎవరు చూస్తారని?" అని భార్య పొగడ నవ్వేది. "చట్టం చూస్తుంది" అనేవాడు మచ్చయ్య.

ఒక పొద్దున నీళ్లకు పోతుంటే వాగు మలుపులో కుడి పక్క నుంచి అడవిపంది కోరరాజు తల వంచుకుని దూసుకొచ్చాడు. కోరరాజు సభలో సభ్యుడు. చట్టం చేసిన రోజు అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడు. మచ్చయ్యను గుద్దుకుంటే కోర కొస కాస్త చిట్లింది. మచ్చయ్య వెనక కాలు మాత్రం పుటుక్కున విరిగింది.

"చూసుకుని నడవొద్దూ?" అని విసుక్కుని కోరరాజు వెళ్లిపోయాడు.

వైద్యుడు కొంగయ్య వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. "ఎముక విరిగినది. బరువైన జంతువు గుద్దినది" అని కాగితం కూడా రాసిచ్చాడు.

మూడో రోజు కుందేలు చెవులయ్య వచ్చాడు. తలెత్తకుండా నిలబడ్డాడు.

"అన్నా, నిన్ను గుద్దింది నేనే."

మచ్చయ్యకు అర్థం కాలేదు. "నువ్వేంటి చెవులయ్యా? నీకు నా మోకాలు కూడా అందదు కదా."

"ఎగిరి గుద్దానని రాయించారన్నా. కోరరాజు గారికి లైసెన్సు లేదు. నాకుంది. నా బొరియ ఆయన దుంపల తోటలో ఉంది. పిల్లలు ఐదుగురు."

మచ్చయ్యకు కోపం రావలసింది. జాలి వచ్చింది.

"ఉన్నమాట చెప్పు. నీకేం భయం?" అంది పొగడ. ఉన్నమాట ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి మచ్చయ్య పది పన్నెండు రోజులకు కుంటుకుంటూ వకీలు దగ్గరికి పోయాడు. వకీలు ఊసరవెల్లి, పేరు రంగనాయకులు. ఆకు మీద ఆకులాగే పచ్చగా కూర్చుని అంతా విన్నాడు.

"కోరరాజే గుద్దాడని చెప్పావనుకో. లైసెన్సు లేనివాడు గుద్దితే గాదె తలుపు తియ్యరు. పోయి ఆయన దగ్గరే రాబట్టుకోమంటారు. రాబట్టుకుంటావా?"

మచ్చయ్యకు ఆ కోరలు గుర్తొచ్చాయి.

"అదే కుందేలు గుద్దిందనుకో, గాదె ఇచ్చి తీరాలి. నీకు కావలసింది మేతా, నిజమా?"

"రెండూ కుదరవా వకీలు గారూ?"

"నా సర్వీసులో చూళ్లేదయ్యా. అన్నట్టు, వచ్చిన మేతలో మూడో వంతు నాది."

మచ్చయ్య మేత బీడుకు పోలేక అప్పటికే పక్షం రోజులైంది. ఇంట్లో ఉన్నది పొగడ నోటికందిన కాస్త ఆకు. ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి పొగడ మొహంలోకి చూడలేకపోయాడు. చూసి ఉంటే ఆమె అప్పటికే గ్రహించిందని తెలిసేది.

న్యాయాధిపతి గుడ్లగూబ. కోర్టు మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. పగలు ఆయనకు ఎదురుగా ఉన్నవాళ్లెవరో కనపడరు కనుక అందరినీ సమానంగా చూస్తారని పేరు. వాయిదా మీద వాయిదా పడి రెండు వానాకాలాలు గడిచాయి. విరిగిన కాలు ఈలోగా తనకు తోచినట్టు వంకరగా అతుక్కుంది.

చివరికి విచారణ రోజు వచ్చింది.

"కుందేలే గుద్దిందండి" అన్నాడు మచ్చయ్య నేల చూస్తూ.

"నేనేనండి" అన్నాడు చెవులయ్య. వాడూ నేలే చూస్తున్నాడు.

గాదె తరఫున పందికొక్కు పొట్ట ఈడ్చుకుంటూ ముందుకొచ్చింది. "మేము కాదనడం లేదు ప్రభూ. కుందేలే గుద్దింది. అయితే కుందేలు గుద్దితే దుప్పికి ఏమవుతుంది? మహా అయితే కాస్త దురద. కాలు విరగడం వేరే సంగతి. బరువైన జంతువు గుద్దిందని వైద్యుడే రాశాడు. ఆ జంతువు మీద ఇక్కడ కేసు లేదు."

గుడ్లగూబ కళ్లు మూసుకుని ఆలోచించారు. "సబబుగానే ఉంది. దురదకు ఒక గుప్పెడు గడ్డి."

మచ్చయ్య తన వకీలు వైపు చూశాడు. రంగనాయకులు పచ్చదనం పోయి పందికొక్కు రంగులోకి మారిపోతున్నాడు.

రెండేళ్లుగా లోపల అణుచుకున్నదంతా మచ్చయ్య గొంతులోకి వచ్చింది. "ప్రభూ, నన్ను గుద్దింది కుందేలు కాదు. కోరరాజు. కుడి పక్కన వచ్చి గుద్దాడు."

మచ్చయ్య ప్రాణం తేలికపడింది. పందికొక్కు నోరు తెరిచేదాకా.

"అంటే ఇందాక చెప్పింది అబద్ధమన్నమాట. అబద్ధమాడినవాడికి ఆ గుప్పెడు కూడా ఇవ్వనక్కర్లేదు ప్రభూ."

ముందు వరసలో కూర్చున్న కోరరాజు లేచాడు. "ప్రభూ, నా కోర కొస చిట్లి రెండేళ్లయింది. ఎవరికి తగిలి చిట్లిందో ఇన్నాళ్లూ తేలలేదు. ఇప్పుడు మచ్చయ్యే ఒప్పుకున్నాడు. నా సంగతేమిటి?"

"మీకు లైసెన్సు లేదు కదండీ" అన్నాడు మచ్చయ్య.

"అది నాకూ తాబేలుకూ ఉన్న వ్యవహారం" అన్నాడు కోరరాజు.

తీర్పు వచ్చింది. కోర నష్టం మచ్చయ్యే భరించాలి. భరించే స్తోమత లేదు కనుక, ఆ కోర మళ్లీ పెరిగేదాకా రోజూ పొద్దున వాగు మలుపులో నిలబడి, వచ్చేపోయేవాళ్లను నెమ్మదిగా పొమ్మని హెచ్చరించాలి. గుద్దకుండానే గుద్దానన్నందుకు చెవులయ్య లైసెన్సు రద్దు.

తనకు పనికిరాకుండా పోయాడని కోరరాజు చెవులయ్యను తోటలోంచి వెళ్లగొట్టాడు. ఐదుగురు పిల్లలతో వాడు దారి పక్కన కూర్చుని ఉంటే, పొగడ పోయి తమ పొద కిందికి పిలుచుకొచ్చింది. "రా నాయనా. మా ఆయన్ని గుద్దినవాడివి, పరాయివాడివా?" అంది. రెండేళ్లలో మచ్చయ్య నవ్వడం అదే మొదటిసారి.

అడవిలో రోడ్డు భద్రతా వారం వచ్చింది. అధ్యక్షుడు కోరరాజు. సభకు ఆలస్యమైందని కుడి పక్కన దుమ్ము లేపుకుంటూ వస్తున్నాడు. మలుపులో ఎడమ అంచున నిలబడిన మచ్చయ్య వంకరకాలు ఎత్తి, "నెమ్మదండీ, నెమ్మది" అన్నాడు.

"రోడ్డుకు అడ్డంగా నిలబడతావేమయ్యా? చట్టం తెలీదా?" అని కసిరి కోరరాజు సాగిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన ప్రసంగానికి అందరూ చప్పట్లు కొట్టారు.

నీతి: ఎడమ పక్కన నడిస్తే సరిపోదు, గుద్దబోయేవాడి లైసెన్సు చూసి మరీ గుద్దించుకోవాలి.