కొరివికారానికి ఇరవై ఐదు పౌండ్లు

ఆ శుక్రవారం ఉదయం ఫణిభూషణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పూట సెలవు పెట్టాలి, ఇంగ్లండుకు ఇరవై ఐదు పౌండ్లు పంపాలి, భోజనాల వేళకు మేడ్చల్‌లోని మోటార్ల కంపెనీలో తన కుర్చీలో కూర్చోవాలి.

ఆ డబ్బు భార్య సుప్రజ పెట్టిన కొరివికారం అనే పండుమిరప పచ్చడి కోసం. ఇంగ్లండులో ఒక చిన్న ఊరివాళ్లు ఏటా నిల్వ పచ్చళ్ల పోటీ పెడతారు. సుప్రజ నెలక్రితం ఫోటోలూ తయారీ విధానమూ పంపితే, తుది పోటీకి సీసా పంపమని నిన్న సాయంత్రం భర్త ఫోన్‌కు మెయిల్ వచ్చింది. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆమె వంటను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రావడం అదే మొదలు. ఫణిభూషణ్ కంపెనీలో కొనుగోళ్లు చూస్తాడు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అంకెలే చూస్తాడు. ఇరవై ఐదు పౌండ్లు, బ్యాంకు బదిలీ, మన టైములో శుక్రవారం సాయంత్రం ఐదు. మిగతాదంతా మర్యాద మాటలని మూసేశాడు.

తీరా ఫోన్‌లో తన బ్యాంకు యాప్ తెరిచి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మూడు వేలు పంపడానికి పద్దెనిమిది వందలు చార్జీయా!"

"పోనీ కట్టేయండి," అంది సుప్రజ.

"ఇంత ఊళ్లో చవకగా పంపే బ్యాంకు ఒక్కటీ ఉండదా? గంటలో వస్తాను."

మచ్చ బొల్లారం నుంచి స్కూటర్ మీద ముందు అల్వాల్‌లోని బ్యాంకుకు వెళ్లాడు. కౌంటర్‌లో ఉన్న ఇషిత అనే అమ్మాయి ఫారం తీసింది.

"దేనికి పంపుతున్నారు సార్?"

"పచ్చడికి."

ఆమె ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. "పచ్చడి లేదు సార్. చదువు, వైద్యం, యాత్ర, అక్కడే స్థిరపడటం. వీటిలో ఒకటి చెప్పండి."

"దేనికి చార్జీ తక్కువ?"

"స్థిరపడేవాళ్లకు ఈ నెల చార్జీ లేదు."

"అయితే స్థిరపడుతున్నానని రాయండి."

"ఎప్పటికీనా సార్?"

"ఎప్పటికీనే!" అన్నాడు ఫణిభూషణ్, హాలంతా వినబడేలా.

వెనక వరసలో వీరేందర్ ఉన్నాడు. దేవరయాంజాల్‌లో భూములున్నవాడు, ఫణిభూషణ్ వాళ్ల కాలనీలో ప్లాట్లన్నీ అమ్మినవాడు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడాలని చూస్తున్నాడు కాబట్టి కనబడినవాళ్లందరి మంచిచెడ్డలూ తనవే అనుకుంటున్నాడు. ఇషిత వీసా కాపీ అడగడం, ఫణిభూషణ్ ఫారం చింపి జేబులో పెట్టుకోవడం అతను చూడలేదు. అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

మేడ్చల్‌లోని బ్యాంకులో చార్జీ తక్కువే, కాని అక్కడ ఖాతా తెరిచి ఏడాదైనా కావాలన్నారు. శామీర్‌పేటలోని బ్యాంకులో చార్జీ అసలు లేనే లేదు. ఖాతా తెరవడానికి మాత్రం మూడు రోజులు. అక్కడ మేనేజరును బతిమాలుతుండగా కంపెనీ నుంచి పరమేశ్ ఫోన్ చేశాడు. సెలవులూ రాజీనామాలూ చూసేది అతనే.

"మూడు నెలల నోటీసు లేకుండా ఎట్ల పోతరు సార్?"

"ఎక్కడికి?"

"ఏమో మరి. వాట్సాప్‌ల వచ్చిన ఫ్లెక్సీల దేశం పేరు రాయలేదు."

ఏ ఫ్లెక్సీ అని అడిగేలోగా అతను పెట్టేశాడు.

ఇంటి దగ్గర సుప్రజ సీసాకు మూత బిగిస్తుండగా ఒక పెద్దావిడ తిన్నగా వంటింట్లోకి వచ్చి, గోడల వెంట అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమె వీరేందర్ తల్లి నర్సమ్మ.

"గీ గోడ తీసేస్తే మస్తు ఎల్తురొస్తది," అంది నర్సమ్మ.

"మా గోడ మీరెందుకు తీస్తారండీ?"

"ఇల్లు జూడనీకి వచ్చిన బిడ్డా. నీ పెనిమిటి దేశం ఇడిసిపెట్టి పోతుండంట గద. నా కొడుకు జెప్పిండు."

"మరి నేను?"

నర్సమ్మ అడుగుల లెక్క ఆపి తలెత్తింది. "నీ ముచ్చట జెప్పలే."

సుప్రజ వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "ఎప్పటికీ వెళ్లిపోతున్నానని రాశారా?"

"రాయమన్నాను గానీ..."

"ఎందుకు?"

"చార్జీ లేదన్నారు."

"చార్జీ లేదంటే నన్ను వదిలేస్తారా!"

ఫణిభూషణ్ స్కూటర్‌ను ఎన్నడూ నడపనంత వేగంగా నడిపాడు. నాలుగున్నరకు కాలనీ గేటు దగ్గరికి చేరి తలెత్తితే ఫ్లెక్సీ మీద తనే కనబడ్డాడు. వ్రతం ఫోటోలోంచి కత్తిరించిన తన తలకు ఎవరిదో కోటు తగిలించారు. వెనక విమానం, కింద 'విదేశాలకు తరలివెళ్తున్న ఫణిభూషణ్ గారికి శుభాకాంక్షలు'. పక్కన అతనికి మూడింతల వీరేందర్. డప్పులు మోగుతున్నాయి. పక్కింటాయన వచ్చి, వాషింగ్ మెషీన్ ఎంతకిస్తారని చెవిలో అడిగాడు.

వీరేందర్ దండ వేసి కౌగిలించుకున్నాడు. "చెప్పకుండ పోతే ఎట్ల సార్? కాలనీ అంత పరేషాన్ అయితాంది."

"నేనెక్కడికీ పోవట్లేదయ్యా! పోయేది పచ్చడి!"

డప్పులు ఆగిపోయాయి.

"పచ్చడికా గీ దండ?" అన్నాడు వీరేందర్ నీరసంగా.

సుప్రజ గుమ్మంలోంచి విసురుగా వచ్చి భర్త చేతిలోని ఫోన్ లాక్కుంది. "ఐదు కావస్తోంది. మీ చవక బ్యాంకులు చాలు. ఆ పద్దెనిమిది వందలూ నా గాజులు అమ్మైనా కడతాను. వాళ్ల ఖాతా నంబరేది?"

మెయిల్ తెరిచింది. పైనుంచి కిందికి చదివింది. మళ్లీ చదివింది.

"ఏమండీ, ఇందులో ఖాతా నంబరు లేదు."

"సరిగ్గా చూడు. ఇరవై ఐదు పౌండ్ల పక్కనే ఉంటుంది."

"చూశాను. సీసా కొరియర్ ఖర్చులకని వాళ్లే మనకు ఇరవై ఐదు పౌండ్లు పంపుతారట. ఐదింటిలోగా మన ఖాతా వివరాలు చెప్పమన్నారు."

ఫణిభూషణ్ దండ తీసి మెల్లగా స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించాడు. సుప్రజ అక్కడే నిలబడి నాలుగూ యాభై రెండుకు ఖాతా నంబరు పంపించేసింది. నర్సమ్మ మాత్రం వచ్చినందుకు వంటింటి జాడీలోంచి కొరివికారం వేలితో తీసి నాలుక్కి రాసుకుంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"గిది ఇంగ్లండోళ్లు తింటరా?" అంది జాలిగా. "పాపం, పిల్లలుంటరో ఏమో."

కట్టిన ఫ్లెక్సీ వృథా చేయడం వీరేందర్‌కు ఇష్టం లేకపోయింది. ఫణిభూషణ్ తల మీద పచ్చడి సీసా బొమ్మ అంటించి, అలాగే ఉంచాడు.

ఇరవై ఐదు పౌండ్లు బుధవారం వచ్చాయి. డబ్బు పుచ్చుకోవడానికి కూడా చార్జీ ఉంటుందని ఫణిభూషణ్‌కు అప్పుడు తెలిసింది.